పిలవని దావత్

చందు బీకాం మూడో సంవత్సరం చదువుతున్నాడని కాలేజీ రిజిస్టరులో ఉంది. చదువు సంగతి ఆ రిజిస్టరుకే తెలియాలి. తక్కువలో కడుపు నిండే చోట్లు మాత్రం వాడికి తెలిసినట్టు కోరుట్లలో ఇంకెవరికీ తెలియవు. ఇల్లు సిరిసిల్ల, ఇంటర్ జగిత్యాల, డిగ్రీ కోరుట్ల. మూడు ఊళ్ళ టిఫిన్ సెంటర్లనూ ఇన్నేళ్ళుగా నమిలి మింగినవాడు. సిరిసిల్లలో తండ్రి సాంచాల, అంటే మరమగ్గాల ముందు పగలంతా నిలబడి బట్ట నేస్తుంటే, కొడుకు ఇక్కడ బండి ముందు నిలబడి మిర్చీలు తింటున్నాడు. ఇద్దరిదీ నిలబడే పనే కదా అంటాడు అడిగితే.

కొత్తగా చేరిన పిల్లలు ముందు ఫీజు కౌంటరు దగ్గరికి, ఆ తర్వాత చందు దగ్గరికి వెళ్ళేవారు. ‘సస్తా తిండి’ అని వాడొక వాట్సాప్ గ్రూపు నడిపేవాడు. అందులో నాలుగు వందల మంది ఉన్నారు. పేరు మార్చుకుని చేరిన లెక్చరర్లు ఇద్దరు కూడా ఉన్నారని వినికిడి. ఆ గ్రూపులో చందు రాసిందే తీర్పు, దానికి అప్పీలు లేదు.

“రాజక్క బండి. చపాతి, గుడ్డుకూర. కొసరు అడిగితె ముందుగాల తిడుతది, ఎనుక పెడుతది. తిట్లకు ఓర్సుకునేటోనికి కూర కొదువ లేదు.”

“జలపతి మిర్చి. నూనె ఎప్పటిదో జలపతికే ఎర్కలేదు. రుచంత అండ్లనే ఉన్నది.”

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన కాలేజీ రోడ్డు మీద మండి బిర్యానీ హోటలు పెడితే దాని గురించి ఇలా రాశాడు: “నలుగురు ఒక్క పళ్ళెంల తింటరు. బిల్లు అచ్చేసరికి ముగ్గురికి ఫోన్లు అస్తయి.” ఆ ముగ్గురిలో అందరికన్నా ముందు ఫోను వచ్చేది ఎవరికో గ్రూపులో అందరికీ తెలుసు.

ఇంత రాసిన మనిషి, అన్నింటికన్నా మంచి చోటు గురించి మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. చేపలు బాగా పడే మడుగు ఎక్కడుందో ఎవడు చెబుతాడు? ఆ చోటు కాలేజీ ప్రహరీకి ఆనుకునే ఉంది. అది ఫంక్షన్ హాలు. పెళ్ళిళ్ళు, పట్టుచీర ఫంక్షన్లు, ధోతి ఫంక్షన్లు, పుట్టువెంట్రుకలు. ముహూర్తాలు లేని నెలలో కూడా ఏదో ఒకటి జరుగుతూనే ఉండేది. మటన్ ముక్క వేలు పెడితే విడిపోయేది. ధర అంటారా, ఇస్త్రీ చొక్కా ఒక్కటి ఉంటే చాలు.

దీని రహస్యం తెలిసింది చందుకూ, వాడి రూమ్మేట్ క్రాంతికీ. ఇద్దరూ కలిసి కొన్ని నియమాలు కూడా ఏర్పరచుకున్నారు. మొదటి బంతిలో కూర్చోకూడదు, అది దగ్గరి చుట్టాలది. చివరి బంతి వద్దు, అప్పటికి ఎముకలే మిగులుతాయి. ఎవరైనా అడిగితే ఆడపిల్లవాళ్ళ దగ్గర పిల్లగాడి తరఫు అనాలి, పిల్లగాడి వాళ్ళ దగ్గర ఆడపిల్ల తరఫు అనాలి. అన్నింటికీ మించిన నియమం, నోట్లో ముద్ద ఉండగా ఎవరేం అడిగినా తలూపాలి. మాట్లాడినవాడు దొరుకుతాడు గానీ తలూపినవాడు ఇంతవరకు ఎక్కడా దొరకలేదని చందు అనుభవం. అయినా ఈ వైపు దావత్ చేసే ఇంటివాళ్ళకు పిలిచినవాళ్ళలో ఎవరు రాలేదన్నదే పట్టింపు. పిలవనివాళ్ళలో ఎవరొచ్చారో చూసే తీరిక ఎవరికుంటుంది?

ఆ ఆదివారం హాలు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్న ముప్పై అయిదేళ్ళ మనిషి, వెనకాల దుబాయిలో ఉండే ఆకాశమంత భవనం. కింద గుండ్రటి ఫోటోల్లో పదహారు మంది చుట్టాలు ఎన్నికల్లో నిలబడ్డట్టు చూస్తున్నారు. లచ్చయ్య అన్న పేరు కనబడుతోంది. పైనున్న అక్షరాల మీదికి షామియానా గుడ్డ జారింది. గుడ్డ జారకపోయినా చందు చదివేవాడు కాదు. పుట్టినరోజుకైనా, సర్పంచి ఎన్నికకైనా, చావుకైనా ఈ వైపు ఫ్లెక్సీ ఒక్క తీరే ఉంటుంది.

“బర్త్‌డే గావచ్చు,” అన్నాడు క్రాంతి.

“దుబాయోని బర్త్‌డే అంటె బోటి గుడ ఉంటది,” అన్నాడు చందు.

బోటి ఉంది. తలకాయ కూర కూడా ఉంది. ఒక పక్క ముసలివాళ్ళు స్టీలు గ్లాసులతో కూర్చుని రాని వీసాల గురించి, అమ్ముడుపోని పసుపు గురించి మాట్లాడుకుంటున్నారు. పిల్లలు ఐస్‌క్రీం దగ్గర తోసుకుంటున్నారు. ఏడ్చేవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. దుఃఖం ఎక్కడైనా ఉంటే అది మటన్ బకెట్ తమ వరుసకు ఇంకా రాలేదన్న దుఃఖమే. చందు రెండో బంతిలో కుదురుగా కూర్చున్నాడు. ఇంటి నుంచి ఫోనొచ్చిందని క్రాంతి బయటికి వెళ్ళాడు.

భుజాన తువ్వాల వేసుకున్న ఒక పెద్దాయన కూర బకెట్ పట్టుకుని వడ్డిస్తూ వచ్చి చందు ముందు ఆగాడు. ఆయన పేరు మొండయ్య, ఫ్లెక్సీలో మనిషికి మేనమామ.

“ఎవలు కొడుకా నువ్వు? ఎన్నడు సూసినట్టు లేదు.”

పెళ్ళి కాదు కాబట్టి ఈ తరఫు, ఆ తరఫు అనడానికి లేదు. “లచ్చన్న దోస్తునే,” అని చందు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“దోస్తువా? దుబాయిల వానితోని ఉన్నవా?”

నోట్లో ముద్ద ఉంది. నియమం ప్రకారం చందు తలూపాడు.

మొండయ్య బకెట్ కింద పెట్టేశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆడ వానితోని ఉన్నోళ్ళు ఒక్కలన్న రాకపోతరా అని పదకొండొద్దుల సంది తొవ్వ సూస్తున్నం కొడుకా. పెట్టె అచ్చింది, కాయితం అచ్చింది. ఎట్ల పోయిండో చెప్పెటందుకు మనిషి ఒక్కడు రాలే.”

అదే సమయానికి చందు జేబులో ఫోను వణికింది. ఎడమ చేత్తో తీసి చూశాడు. క్రాంతి మెసేజ్. “అరేయ్ బర్త్‌డే కాదురా. దినాలు. జల్ది బయటికి రా.” చందుకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. లేవబోయాడు. మొండయ్య చెయ్యి వాడి భుజం మీద పడింది.

“ఎటు పోతవు, కూసో. నా కోడల్ని పిలుస్త,” అని ఆయన కేకేశాడు. “వసంతా, ఇటు రా బిడ్డా. లచ్చయ్య రూంల ఉన్న పిల్లగాడు అచ్చిండు.”

వసంత వచ్చింది. లచ్చయ్య భార్య. ముప్పై ఏళ్ళుంటాయి. ముఖంలో ఏడుపు లేదు, నిద్ర కూడా లేదు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని చందుకు ఎదురుగా కూర్చుంది. ఆమె అత్తకు చెబుతానని మొండయ్య లోపలికి పరుగెత్తాడు.

“ఏడ ఉంటిరి మీరు?” అడిగింది వసంత.

నోటికొచ్చిన అబద్ధం మధ్యలో ఆపితే గొంతుకు అడ్డం పడుతుంది. “దుబాయిలనే అక్కా. గా పెద్ద బిల్డింగు కనవడేటట్టు ఉంటుండె మా రూం.”

ఆమె కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. “మా ఆయిన దుబాయి మొకమే సూడలే. మస్కట్ల ఉండె. గా బిల్డింగు ఫ్లెక్సీ కొట్టినాయిన ఏసిండు. గల్ఫోల్లందరికి గదే ఏస్తడట. మా మామకు గల్ఫంత దుబాయే.” గొంతు పెంచలేదు. “కాలేజి పిల్లగానివా?”

చందు తలూపాడు. ఈసారి నోట్లో ముద్ద లేదు.

“తిన్నవా?”

“తిన్న.”

“కడుపు నిండిందా?”

చెంప మీద కొట్టినా చందుకు ఇంత నొప్పి పుట్టేది కాదు. “కాళ్ళు మొక్కుత అక్కా. ఎర్కలేక అచ్చిన. పోత.”

“యాడికి పోతవు? తిన్నోనివి జెర పనిచేసి పో,” అంది వసంత.

ఆ పని అర్థం కావాలంటే ఆ రోజు పొద్దున ఏం జరిగిందో తెలియాలి. పదకొండో రోజున, పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, పిట్టకు పెడతారు. పిట్ట ముట్టిందంటే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. ముత్యంపేటలో వాళ్ళ పసుపు చేను బావి దగ్గర తెల్లవారుజామునే లచ్చయ్య విస్తరి పెట్టారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి దండం పెట్టారు, తప్పయిందన్నారు, పిల్లలను చూసుకుంటామని మాటిచ్చారు. పది దాటినా పిట్ట రాలేదు. హాల్లో మటన్ చల్లారిపోతోందని చుట్టాలు గొణగసాగారు. చివరికి ఆ విస్తరిని కారులో పెట్టుకుని తెచ్చి ఫంక్షన్ హాలు వెనక గోడ మీద పెట్టారు. అక్కడ కాకులకు కొదువ లేదు. కానీ అవి ఫంక్షన్ హాలు కాకులు. ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళ బిర్యానీ తిని బలిసినవి. ఒక ముసలమ్మ కట్టెల పొయ్యి మీద వండిన వంట వైపు అవి తలైనా తిప్పలేదు. పిట్ట ముట్టలేదు గానీ చుట్టాలు మాత్రం ముట్టారు. ఏ శాస్త్రంలోనైనా చుట్టాలకు సడలింపు ఉంటుంది.

“మా అత్త పదకొండొద్దుల సంది సక్కగ మెతుకు ముడుతలేదు. చాయతోనే బతుకుతున్నది. నాతోని మాట లేదు,” అంది వసంత. “పోయిన ముందటి రోజు ఫోన్ల ఆయినకు నాకు లొల్లయింది. ఇంకో రెండేండ్లు ఉంటనన్నడు. అస్తే రా, లేకుంటె ఆడనే ఉండు అన్న. ఫోను పెట్టేసిన. తెల్లారి లేవలేదట. నా మాటకు అలిగి తినకుంట పండుకున్నడు, ఆకలితోని పానం పోయింది, గందుకే పిట్ట ముడుతలేదంటది అత్త. తిన్నడో తినలేదో నాకు గుడ ఎర్కలేదు. నువ్వు తిన్నడని చెప్పు. ఏం తిన్నడో నువ్వే అల్లుకో.”

“అవద్దం చెప్పాల్నా?” అన్నాడు చందు. ఆ మాట ఎంత సిగ్గులేనిదో నోరు దాటాక గానీ వాడికి తెలియలేదు.

“మటన్ తినుకుంట చెప్పినవు గద. గిది గుడ చెప్పు.”

హాలు వెనక, వంట గిన్నెలు కడిగే చోటికి అవతల, గోడ నీడలో చాప మీద లచ్చయ్య తల్లి శంకరవ్వ కూర్చుని ఉంది. ఆమె చూపు గోడ మీది విస్తరి నుంచి కదలడం లేదు. మొండయ్య, ఇంకో నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. వసంత మాత్రం అత్త కంట పడకుండా తలుపు దగ్గరే ఆగిపోయింది. చందును ముందుకు నెట్టారు. ఇంతమంది ముందు వాడు కాలేజీలో వైవా పరీక్షకు కూడా నిలబడలేదు.

“అవ్వా, ఆ పొద్దు అన్న మంచిగ తిన్నడు,” అన్నాడు.

శంకరవ్వ మెల్లగా వాడి వైపు తిరిగింది. “ఏం తిన్నడు?”

ఇన్నేళ్ళుగా తిండి గురించి తప్ప ఇంకోటి మాట్లాడని చందు నాలుక దానంతటదే కదిలింది. “పప్పుచారు చేసినం అవ్వా. ఎల్లిపాయలు దంచి పోపేసినం. పెద్ద ఉల్లిగడ్డ కోసినం. గుడ్లు తెచ్చి ఆమ్లెట్లు ఏసినం.”

“పప్పుచారుల ఆమ్లెట్ అద్దుకుంటడు వాడు.”

“గట్లనే అద్దుకున్నడవ్వా. రెండుసార్లు ఏసుకున్నడు. ఇంకింత పోయమన్నడు. గిన్నెల అడుగుకు ఉన్నది గుడ గీకిండు.”

“గీకుతడు,” అంది శంకరవ్వ. “గిన్నె గీకకురా, సప్పుడుకు పిల్లలు లేస్తరు అంటె ఇననే ఇనకపోతుండె.” చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒకామె ఏడుస్తూనే నవ్వింది. అబద్ధం చందు నోట మొదలై, ఆ ముసలమ్మ నోట నిజమవుతోంది. అక్కడితో ఆపితే సరిపోయేది. వసంత అడిగిందీ అంతే. కానీ వాడు ఆపలేదు.

“పండుకునేటప్పుడు అన్నడవ్వా. వసంత మీద ఊకెనే కోపం చేసిన, పొద్దుగాల ఫోన్ చేసి అస్తనని చెప్తనన్నడు. నవ్వుకుంటనే పన్నడు.”

తలుపు దగ్గర చప్పుడైంది. వసంత గడప మీద కూలబడిపోయింది. ఆ మాట వట్టి అబద్ధమని ఆ చోట చందు కాక ఆమెకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా కొంగు నోట్లో కుక్కుకుని, పదకొండు రోజులు ఏడవనిదంతా ఏడ్చింది. చందు తల దించుకున్నాడు. వాడికి అంతవరకు సిగ్గంటే దొరికిపోవడమే. దొరక్కపోయినా ఇంత సిగ్గు వేస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు.

శంకరవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. గోడ దగ్గరికి వెళ్ళి విస్తరిని రెండు చేతులతో దించింది. తెచ్చి చందు ముందు చాప మీద పెట్టింది.

“కూసో కొడుకా. తిను.”

“గిదెక్కడి పద్ధతే అక్కా,” అన్నాడు మొండయ్య. “పిట్టకు పెట్టింది మనిషి తింటడా? నలుగురు నవ్వుతరు.”

“నవ్వెటోళ్ళంత ముందటి హాల్లనే తింటున్నరు, తిననీ,” అంది శంకరవ్వ. “పిట్ట రాలే. గీ పిల్లగాడు అచ్చిండు. ఒక్క గిన్నెల తిన్నోడు. గీయిన తింటె వాడు తిన్నట్టే.”

తెల్లవారుజామున పెట్టిన విస్తరి అది. అన్నం మెతుకులు ఎండి గట్టిపడ్డాయి. మటన్ మీద కొవ్వు తెల్లగా పేరుకుంది. సర్వపిండి ముక్క విరిగేలా లేదు. ఒక పక్క పప్పుచారు ఇంకిపోయి పసుపు మరక మిగిలింది, ఇంకో పక్క బీడీ కట్ట, అగ్గిపెట్టె. అంచు మీద చీమలు వరుస కట్టాయి. చందు కడుపులో అప్పటికే లచ్చయ్య పేరు మీద వండిన మటన్ గొంతు దాకా ఉంది. కాపాడుతుందేమోనని వసంత వైపు చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి పక్కన పెట్టి, మళ్ళీ వెళ్ళి నిలబడింది.

చందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చీమలు దులిపి మొదటి ముద్ద కలిపాడు. మింగుడు పడలేదు. నీళ్ళు తాగి మింగాడు. రెండోది కలిపాడు. ముసలమ్మ వాడి చేతినే చూస్తోంది. ముద్ద పైకి లేస్తే ఆమె చూపు లేస్తోంది, నోట్లోకి వెళితే ఆమె గొంతు కదులుతోంది. “గా ముక్క ఇడిసిపెట్టినవు,” అంది. తిన్నాడు. “సర్వపిండి వానికి పానం,” అంది. దవడ నొప్పి పుట్టేదాకా నమిలాడు. ఎక్కడో సగంలో వాడికి ఏడుపు వచ్చింది. ఎవరి కోసమో వాడికే తెలియదు. ఎన్నడూ చూడని లచ్చయ్య కోసం కావచ్చు, ఈ ముసలమ్మ కోసం కావచ్చు, సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పొద్దటి అన్నం తినే తండ్రి కోసం కూడా కావచ్చు. ముక్కు ఎగబీలుస్తూ, చెయ్యి ఆపకుండా, విస్తట్లో మెతుకు మిగలకుండా తిన్నాడు.

శంకరవ్వ ఖాళీ విస్తరిని చూసి గట్టిగా ఊపిరి వదిలింది. చెంబులో మిగిలిన నీళ్ళతో చేతులు కడుక్కుంది.

“వసంతా, నాకింత బువ్వ పెట్టు,” అంది తలుపు వైపు తిరిగి. “నువ్వు గుడ తెచ్చుకో. ఇద్దరం తిందాం.”

పదకొండు రోజుల తర్వాత కోడలితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. వసంత పరుగున హాల్లోకి వెళ్ళి రెండు విస్తళ్ళతో వచ్చింది. అత్త ముందు ఒకటి పెట్టి, తనది పక్కన పెట్టుకుని, చందు చేతులు కడుక్కోవడానికి లేస్తుంటే నీళ్ళు పోయడానికి లేచింది.

శంకరవ్వ చందు మణికట్టు పట్టుకుంది. “నెల మాసికం ఇంటికాడనే పెడుతం కొడుకా, ముత్యంపేటల. పిట్టకు నువ్వే రావాలె. ఏడాది దాక నెలనెల రావాలె. నువ్వు తిన్నంకనే మేం తింటం.”

మళ్ళీ మస్కట్ వెళ్ళిపోవాలని చెబుదామా అనుకున్నాడు చందు. ఆ అబద్ధం కూడా నాలుక చివరి దాకా వచ్చింది. వసంత వాడి చేతుల మీద నీళ్ళు పోస్తూ, అత్తకు వినబడకుండా అంది.

“నువ్వు రాకుంటె ఆమె తినది. నీ కాలేజి నాకు ఎర్కనే. నేనే అస్త తమ్మీ తోల్కపోనీకె.”

“అస్త అక్కా,” అన్నాడు చందు.

పిలిచిన భోజనానికి వెళ్ళడం వాడికి అదే మొదటిసారి కాబోతోంది.